ఈలన్నకి వినిపించని పాట

ఆ ఊళ్ళో ఒక సిటీ బస్సు ఉండేది. దాని కోసం జనం వేరే బస్సులు వదులుకునేవాళ్ళు. ఖాళీ బండి వచ్చి ఎదురుగా ఆగినా, "వద్దులే, ఈలన్న బండి రానీ" అని స్టాపులో అలాగే నిలబడేవాళ్ళు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తినేవాళ్ళు కూడా, అది వేరే సంగతి.

ఈలన్న ఆ బస్సు కండక్టరు. కండక్టర్లందరికీ డిపోవాళ్ళు ప్లాస్టిక్ ఈల ఒకటి ఇస్తారు. ఈయన దాన్ని జేబులోంచి తీసిన పాపాన పోలేదు. రెండు పెదాలూ ముడిచి ఊదాడంటే చాలు, బండి ఆపాలో, కదపాలో, వెనక లారీకి దారివ్వాలో డ్రైవరుకి తెలిసిపోయేది. ఒక్కోదానికి ఒక్కో వరస. స్టాపుల పేర్లు పిలిచేవాడు కాదు, పాడేవాడు. ఆసుపత్రి వస్తే జోలపాటలా మెల్లగా. కోర్టు వస్తే ఎప్పటికీ తెమలనట్టు సాగదీసి, సాగదీసి. మార్కెట్టు దగ్గరైతే ఊపిరాడకుండా గబగబా. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వుల సందట్లో టిక్కెట్టు ఎగ్గొడదామనుకుంటే మాత్రం కుదిరేది కాదు. "కిటికీ పక్కన నీలం చొక్కా, మర్చిపోయారా సారూ" అని పాటలోనే కలిపేసేవాడు.

ఆ బస్సులో ఒక అమ్మాయి రోజూ ఎక్కేది. ఒళ్ళో పెద్ద నల్లపెట్టె. వాళ్ళ నాన్నకి వాయిద్యాలు బాగుచేసే కొట్టుంది. బాగైన అకార్డియన్ ఇచ్చిరావడం, పాడైనది పట్టుకురావడం ఆ అమ్మాయి పని.

"పెట్టెకి కూడా టిక్కెట్టు తియ్యాలమ్మా" అన్నాడు ఈలన్న.

"దాన్నే అడగండి. దానికి నోరుంది" అంది ఆ పిల్ల.

బస్సంతా గొల్లుమంది. ఈలన్నకి నోట మాట రాకపోవడం జనం చూడటం అదే మొదటిసారి. తేరుకుని, "అయితే మాట్లాడించు" అన్నాడు. ఆమె నిజంగానే పెట్టె తెరిచి, అకార్డియన్ భుజాలకి తగిలించుకుని, ఆయన స్టాపులు పాడే వరసే వాయించింది. ఆయన ఎక్కడ శ్రుతి తప్పుతాడో అక్కడ నొక్కి మరీ వాయించింది. దిగేటప్పుడు, "కోర్టు దగ్గర పైకి పోతున్నారు మీరు. అంత అక్కర్లేదు" అని చెప్పి, పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు కోర్టు స్టాపు దగ్గర ఈలన్న పైకి పోలేదు. పాడి, ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తలూపింది.

వాళ్ళిద్దరికీ పెళ్ళయ్యాక కూడా ఊరు ఆమెని పెట్టెమ్మ అనే పిలిచింది. పగలు బస్సు, సెలవురోజుల్లో స్టేజీ. ఆయన పాట, ఆమె అకార్డియన్, తర్వాత రోజుల్లో కీబోర్డు, ఆమె తమ్ముడి డ్రమ్ములు. పెళ్ళిళ్ళకి, ఫ్యాక్టరీ క్లబ్బులకి, బడి వార్షికోత్సవాలకి వాళ్ళే. ఈలన్న ఒట్టి పాటగాడు కాదు. పాట మధ్యలో టక్కున ఆగిపోయి, ముందు వరసలో నిద్రపోతున్న పెద్దమనిషిని లేపేవాడు. పెళ్ళికొడుకు బూట్లు అరువువేమో అని ఆరా తీసేవాడు. అలా ఎటెటో తిరిగి, పాట ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడికే వచ్చి అందుకునేవాడు. అంతసేపూ ఆ వరసని కింద పడకుండా పట్టుకుని నిలబడేది పెట్టెమ్మే. ఆయన సొంతంగా కట్టిన బస్సు పాట అయితే ఊళ్ళో పసిపిల్లలకి కూడా నోటికొచ్చు.

"దిగేవాళ్ళు దిగండమ్మా, ఎక్కేవాళ్ళు ఎక్కండయ్యా, దిగనూ ఎక్కనూ అనేవాళ్ళు దారికడ్డం తప్పుకోండయ్యా!"

ఆ పాటకి మధ్యలో ఈల ఉంటుంది. ఆ ఈల కోసమే పాటంతా వినేవాళ్ళున్నారు.

స్టేజీ దిగగానే ఆయన అడిగే మొదటి మాట, "ఎలా ఉందే?" ఆమె ఉన్నదున్నట్టు చెప్పేది. రెండో చరణం తేలిపోయిందనో, గొంతు మూసుకుందనో. ఊరంతా చప్పట్లు కొట్టినా ఆమె బాగుందంటేనే ఆయనకి అన్నం సయించేది. "గొంతు నాది, చెవి మా ఆవిడది" అని స్టేజీ మీదే చెప్పుకునేవాడు.

ఆయన రిటైరైన ఏడాదే చెవులు పోవడం మొదలైంది.

ముందు అదొక వేళాకోళంగానే ఉండేది. "ఆఁ?" "ఏంటీ?" అంటుంటే, "పెళ్ళాం మాట వినపడకపోవడం జబ్బెలా అవుతుంది బావా" అని తమ్ముడు ఏడిపించేవాడు. తర్వాత టీవీ మోత పక్కింటిదాకా వెళ్ళింది. తలుపు కొట్టి కొట్టి జనం వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు పెట్టెమ్మ బలవంతాన చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏళ్ళ తరబడి బస్సు ఇంజను పక్కన, ఆ తర్వాత స్టేజీ మీద పెద్ద పెద్ద సౌండు బాక్సుల పక్కన. లోపలి నరం చచ్చిపోతోందని, పోయింది తిరిగి రాదని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

చెవి మిషను పెట్టించారు. ఈలన్న దాన్ని తగిలించుకుని ఇంటికొచ్చి, "వాయించు" అన్నాడు. పెట్టెమ్మ కీబోర్డు మీద బస్సు పాట ఎత్తుకుంది. ఆయన మొహం చూస్తుండగానే ముడుచుకుపోయింది. "ఇదేంటే? రేకుల మీద కంకర పోస్తున్నట్టుంది. ఇదా పాట?" మాటలైతే కాస్త అర్థమయ్యేవి గానీ, స్వరం స్వరంలా చెవికెక్కేది కాదు. కొన్నాళ్ళకి మాటలూ పోయాయి. మిషను బీరువా సొరుగులోకి వెళ్ళిపోయింది.

అయినా పాడటం మానలేదు. పెట్టెమ్మ ఒక ఉపాయం చేసింది. కీబోర్డుని స్టేజీ ముందుకు, ఆయనకి కనపడేలా జరిపించింది. శ్రుతి కిందికి పోతే గడ్డం పైకెత్తేది. పైకి పోతే దించేది. కొన్నాళ్ళు గడిచింది. కానీ తన గొంతు తనకే పూర్తిగా వినపడకుండా పోయాక, ఎంత ఎత్తాలో ఎంత దించాలో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఒక పెళ్ళిలో ఆయన మంచి ఊపులో ఉండగా, పెళ్ళివారి తరఫు మనిషి వెనకనుంచి వచ్చి పెట్టెమ్మ చెవిలో, "అమ్మా, ఇక చాలు. చుట్టాలు ఇబ్బంది పడుతున్నారు" అన్నాడు. ఆమె ఆ పాట దగ్గరే ముగించేసింది.

స్టేజీ దిగి ఈలన్న ఆమె మొహంలోకి చూశాడు. అప్పటికే పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది.

"ఎలా ఉందే?"

ఆమె నోరు తెరిచింది. ఎప్పటిలా ఉన్నదున్నట్టు చెబుదామనే తెరిచింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ, పాడొచ్చిన సంతోషంలో, చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"బాగుంది" అంది.

అదే మొదటి అబద్ధం. ఆ తర్వాత వాటికి అంతు లేదు. ఎవరూ పిలవడం లేదని చెప్పలేక, ఇప్పుడు పెళ్ళిళ్ళు తక్కువని చెప్పింది. క్లబ్బువాళ్ళు వేరే పాటగాణ్ణి పెట్టుకుంటే, హాలుకి రిపేర్లు చేయిస్తున్నారట అంది. ఆయన బాల్కనీలో నిలబడి సాధన చేస్తుంటే చుట్టుపక్కల కిటికీలు ఒక్కొక్కటే మూసుకునేవి. "ఎండకి మూసుకుంటున్నారు" అంది. అబద్ధం చెప్పినప్పుడల్లా ఆ మాట పెదాల మీద స్పష్టంగా పలికించాలి కదా, ఆయనకి అర్థం కావాలంటే. చెవులున్న మనిషితో అయితే గొణిగి తప్పించుకోవచ్చు. ఈయన ముందు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి అబద్ధమాడాల్సి వచ్చేది.

అలాంటి సమయంలో డిపో సంఘం సెక్రటరీ ఇంటికొచ్చాడు. ఒకప్పుడు ఈలన్నతో పాటు పనిచేసిన డ్రైవరే. చేతిలో పూలగుత్తి. "ఈలన్నా, డిపో మొదలుపెట్టిన రోజు వస్తోంది. ఈసారి నీకు సన్మానం. నువ్వు పాడాలి, మేమంతా వినాలి" అని గట్టిగా, పెదాలు కదిలిస్తూ చెప్పాడు.

ఈలన్న కుర్చీలోంచి లేచి సెక్రటరీని కావలించుకున్నాడు. సెక్రటరీ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పెట్టెమ్మని పక్కకి పిలిచి, "వదినా, పాడగలడు కదా?" అన్నాడు.

"చూద్దాం" అంది ఆమె.

ఆ రోజునుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఈలన్న తెల్లారగానే గొంతు సవరించుకుంటాడు. వేణ్ణీళ్ళు పుక్కిలిస్తాడు. పాత కోటు బయటికి తీసి, బొత్తాలు కుట్టించుకున్నాడు. పాడుతుంటాడు. అది పాట కాదు. మాటలు అవే, తాళం కూడా అటూ ఇటుగా అదే, స్వరం మాత్రం గాలికి పోయిన బట్టలా ఎక్కడెక్కడో తగులుకుంటూ ఉంటుంది. పెట్టెమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతూ, కొళాయి పూర్తిగా తిప్పేసి ఆ నీళ్ళ చప్పుడులో తల దాచుకునేది.

ఒకరోజు ధైర్యం చేసింది. ఆయన ఎదురుగా కూచుని, రెండు చేతులూ పట్టుకుని, "ఈసారికి మాట్లాడండి చాలు. పాట వద్దు" అంది.

"ఏం?"

"అలసిపోతారు."

"పాడితే అలసిపోతానా? పాడకపోతే పోతాను" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆమె కళ్ళలోకి చూసి మెల్లగా అడిగాడు. "నా గొంతు పోయిందా? నిజం చెప్పు. నాకు నువ్వు తప్ప చెప్పేవాళ్ళు లేరు."

అదే అదను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆమెకి తెలుసు. కానీ ఆయన గడ్డం కింద సరిగ్గా గీసుకోక మిగిలిపోయిన తెల్లవెంట్రుకలు, కుట్టించుకున్న కొత్త బొత్తాలు కనపడ్డాయి.

"లేదు. బాగానే ఉంది" అంది.

మర్నాడు తమ్ముడొస్తే వాడి ముందు కూచుని ఏడ్చేసింది. "ఊరందరి ముందూ నవ్వులపాలవుతాడ్రా. తనకి తెలియను కూడా తెలియదు. ఏం చెయ్యమంటావు నన్ను?"

"అక్కా, ఒక మాట చెబుతాను, తిట్టకు. రేడియోవాళ్ళు రికార్డు చేసిన బావ పాటలు నా దగ్గరున్నాయి. మైకు నా దగ్గర ఆపేస్తాను. రికార్డు వేస్తాను. బావ పాడుతుంటాడు, జనానికి పాత గొంతు వినపడుతుంది. బావకి ఎలాగూ..."

మిగతాది అనలేకపోయాడు.

"చీ! వెధవా!" అంది పెట్టెమ్మ. "చెవిటివాడని ఆడిస్తావా?"

"సరే, అయితే అలాగే పాడించు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. బాల్కనీలో ఈలన్న బస్సు పాట అందుకున్నాడు. ఎదురింటి పిల్లలిద్దరు చెవులు మూసుకుని, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళు తన పాటకి మురిసిపోతున్నారనుకుని ఆయన చెయ్యూపాడు.

పెట్టెమ్మ తిరిగి వచ్చి, తమ్ముడి వైపు చూడకుండానే, "ఒక్క పాట చాలు. ఆ రికార్డులో ఎక్కడ ఏముందో నాకు చూపించు" అంది.

ఆయన మధ్యలో కబుర్లు మొదలెడతాడని ఆమెకి తెలుసు. అందుకే, టైము తక్కువ ఇచ్చారని, పాట ఆపకుండా పాడేసి రావాలని పదేపదే చెప్పింది. "అలాగేనే బాబూ" అని ఆయన ఒప్పుకున్నాడు.

సన్మానం మధ్యాహ్నం. డిపో మీటింగు హాలు కిటకిటలాడిపోయింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాళ్ళ పిల్లాపాపలు. ఆయన బస్సులో ఆఫీసులకెళ్ళి, ఇప్పుడు తల నెరిసిపోయినవాళ్ళు ఎంతమందో వచ్చారు. ఒకాయన, తన పెళ్ళి మాటలు ఈలన్న బస్సులోనే కుదిరాయని చెప్పాడు. ఒకామె, పురిటినొప్పులతో ఆ బస్సెక్కితే మధ్యలో ఒక్క స్టాపులో కూడా ఆపకుండా, దారంతా పాడుతూ ఆసుపత్రికి చేర్చాడని కళ్ళు తుడుచుకుంది. మెడలో దండ వేశారు, జ్ఞాపిక చేతికిచ్చారు. ఎవరేమన్నారో ఒక్క ముక్క వినపడకపోయినా, ఈలన్న మొహం వెలిగిపోతోంది.

తర్వాత మైకు అందుకున్నాడు. తమ్ముడు డ్రమ్ముల వెనక, పక్కనే సౌండు పెట్టె. పెట్టెమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. తమ్ముడు చెయ్యి చూపించాడు. ఈలన్న ఎత్తుకున్నాడు.

హాలంతా వయసులో ఉన్న ఈలన్న గొంతు పరుచుకుంది.

"అదే గొంతు! ఏమాత్రం మారలేదు!" అని ఎవరో అరిచారు. చప్పట్లు మిన్నంటాయి. ఈలన్న పెదాలు పాటతో కలిసే కదులుతున్నాయి. ఎన్ని ఏళ్ళుగానో పాడిన పాట, ఊపిరి ఎక్కడ తియ్యాలో ఒంటికి తెలుసు. గండం గడిచేలా ఉంది అనుకుంది పెట్టెమ్మ.

ఈల దగ్గరికి వచ్చింది. ఈలన్న పెదాలు ముడిచాడు. అంతలో ఎదురుగా జనం కళ్ళనీళ్ళతో, నవ్వుతూ, చేతులూపుతూ. ఆయన ఉండబట్టలేకపోయాడు. ఈల మానేసి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, సెక్రటరీని చూపిస్తూ ఏదో చమత్కారం మొదలెట్టాడు.

ఈల మాత్రం ఆగలేదు. హాలు నిండా మోగుతూనే ఉంది.

జనం మొదట అదొక కొత్త వేషం అనుకున్నారు. ఈలన్న కదా, ఏం చేసినా చేస్తాడు. విరగబడి నవ్వారు. ఆ నవ్వులు చూసి ఆయన ఇంకా రెచ్చిపోయాడు. చేతులు తిప్పుతున్నాడు, కళ్ళెగరేస్తున్నాడు. ఈలయిపోయి రెండో చరణం వచ్చింది. నోరు ఒకటి చెబుతోంది, సౌండు బాక్సులు ఇంకోటి పాడుతున్నాయి. ముందు వరసలో నవ్వు ఆగింది. తర్వాత దాని వెనక వరసలో. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

తమ్ముడు బిగుసుకుపోయి డ్రమ్ములు వాయిస్తూనే ఉన్నాడు. పెట్టెమ్మ చేతులు కీబోర్డు మీదనుంచి జారి ఒళ్ళో పడ్డాయి.

జీవితమంతా మొహాలు చూసి బతికిన మనిషి. నవ్వు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ చస్తుందో ఈలన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాట ఆపేశాడు. భార్య చేతుల వైపు చూశాడు. అవి వాయించడం లేదు. కానీ వెనక వరసల్లో ఒక ముసలాయన తల ఇంకా తాళానికి ఊగుతోంది. ఈలన్న మెల్లగా వంగి, పక్కనున్న సౌండు బాక్సు మీద అరచెయ్యి పెట్టాడు.

బాక్సు అదురుతోంది. బస్సు పాట తాళం, ఆయన అరచేతికి తెలిసిన తాళమే, ఆయన లేకుండా నడుచుకుంటూ పోతోంది.

చెయ్యి తియ్యకుండానే తల తిప్పి, మైకు లేకుండా, తన గొంతు ఎంత పెద్దదో తెలియని చెవిటివాళ్ళ గొంతుతో అడిగాడు.

"ఎవరే పాడుతోంది?"

హాల్లో రికార్డు ఒక్కటే మోగుతోంది. పెట్టెమ్మ లేచి నిలబడింది.

"మీరే."

"నేనిక్కడున్నాను కదా!"

ఆమె సౌండు పెట్టె దగ్గరికి పరిగెత్తింది. ఏ మీట ఏమిటో చూసుకునే ఓపిక లేక, చేతికి దొరికిన తీగలన్నీ పట్టుకుని లాగేసింది. పాట తెగిపోయింది. ఏడుస్తున్న తమ్ముడి చేతే మైకు తీగ మళ్ళీ పెట్టించి, ఈలన్న ఎదురుగా వచ్చి, "ఇప్పుడు మీ మైకు పలుకుతుంది. పాడండి" అంది.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి పాడాడు.

పెట్టెమ్మ పరిగెత్తి కీబోర్డు అందుకుంది. ఆయన ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతికి వెళ్ళి కలుసుకుందామని చూసింది. అందుకునేలోపు ఆయన ఇంకో చోటికి పోతున్నాడు. వెంటపడింది. మళ్ళీ తప్పిపోయాడు. చివరికి చేతులు తీసేసింది. ఒంటరిగా ఆ గొంతు హాల్లో ఎక్కడెక్కడో కొట్టుకుంది. జనం తలలు దించుకున్నారు. ఒకరిద్దరు లేచి బయటికి వెళ్ళారు. పురిటినొప్పుల మాట చెప్పినామె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక చరణం పాడి ఈలన్న ఆపేశాడు. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. వాటి మీద జాలి తప్ప ఏమీ లేదు. "సరే, ఆఖరి స్టాపు. బండి షెడ్డుకి పోతోంది, అందరూ దిగండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మెడలో దండ తీసి కుర్చీలో పెట్టి, జ్ఞాపిక అక్కడే వదిలేసి స్టేజీ దిగిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. ఆమె వడ్డిస్తే తినేవాడు. ఆమె ఎదురుగా వస్తే కళ్ళు పక్కకి తిప్పుకునేవాడు. కళ్ళు తిప్పుకుంటే ఇక ఆమె ఏం చెప్పినా ఆయనకి చేరదు. కాళ్ళ మీద పడి ఏడ్చింది, ఆయన గోడవైపు చూశాడు. తమ్ముడొస్తే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పాడైపోయిన టీవీని తీసి అటక మీద పెట్టినట్టు, ఆ ఇంట్లోంచి చప్పుడంతా ఎవరో తీసి పక్కన పెట్టేశారు. వినగలిగే చెవులు ఆమెకి ఉండి ఏం లాభం?

ప్రతి పొద్దునా ఈలన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. డిపో దాకా నడిచి, గేటు ఎదురుగా అరుగు మీద కూచుని, వచ్చే బస్సుల్నీ పోయే బస్సుల్నీ చూసి తిరిగొచ్చేవాడు. హారను వినపడని మనిషి ఆ రోడ్డు మీద నడుస్తుంటే ఆమె ఇంట్లో ఎలా కూచుంటుంది? తలుపు తాళం వేసి, కాస్త దూరంగా వెనకే నడిచేది. వెనకనుంచి బండి వస్తుంటే తానే రోడ్డు మీదికి జరిగి, చేతులడ్డం పెట్టి దాన్ని పక్కకి మళ్ళించేది. బండ్లవాళ్ళు ఆమెని తిట్టిపోసేవాళ్ళు. ఆ తిట్లు కూడా ఆయనకి వినపడేవి కావు.

చలికాలంలో ఒకరోజు మలుపులో ఒక లారీ వెనక్కి వస్తోంది. ఆమె అరుపు డ్రైవరుకి అందలేదు. పరిగెత్తి ఈలన్నని రెండు చేతులా పట్టి పక్కకి లాగింది. ఇద్దరూ కాలవ గట్టు మీద పడ్డారు. ఆమె మోచెయ్యి చీరుకుపోయింది.

ఈలన్న లేచి కూచుని లారీని చూశాడు, ఆమెని చూశాడు. మోచేతి రక్తం చూశాడు. ఎన్ని నెలలకో నోరు విప్పాడు.

"ఎప్పణ్ణుంచి నా వెనక నడుస్తున్నావు?"

"ఆ రోజునుంచి."

ఆయన కళ్ళు తిప్పుకోలేదు. జేబురుమాలు తీసి ఆమె మోచేతికి కట్టాడు. కడుతూ అడిగాడు. "ఆ రోజు, రికార్డు ఆపేశాక... నేను ఎలా పాడాను?"

ఆమె ఒక్కో అక్షరం ఒత్తి, ఆయనకి స్పష్టంగా కనపడేలా చెప్పింది.

"ఘోరంగా పాడారు. ఒక్క స్వరం కూడా నిలవలేదు."

ఆయన మెల్లగా తలూపాడు. "ఈ మాట మన ఇంట్లో, నేను అడిగినప్పుడే చెప్పి ఉంటే?"

"మీరు పాట మానేసేవాళ్ళు."

"మానేసేవాణ్ణే. నీ ముందు ఏడ్చి మానేసేవాణ్ణి. ఊరందరి ముందూ కాదు కదా!"

ఆమె గట్టు మీద కూచునే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు. ఆమె ఏడుపు ఆగేదాకా కూచుని, తర్వాత చెయ్యందించి లేపాడు. పక్కపక్కనే నడిచి ఇంటికొచ్చారు.

ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడాడు గానీ, పాట ఊసెత్తలేదు. ఆమె కీబోర్డుకి గుడ్డ కప్పేసింది. ప్రతిదానికీ, "నిజం చెప్పు" అనేవాడు. ఈ చొక్కా బాగుందా, నిజం చెప్పు. నేను మరీ గట్టిగా మాట్లాడుతున్నానా, నిజం చెప్పు. ఆమె నిజమే చెప్పేది. కొన్నిసార్లు ఆయన మొహం చిన్నబోయేది. అయినా చెప్పేది.

కొన్నేళ్ళకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. పెద్ద డాక్టరు వచ్చి, ఈలన్న భుజం తట్టి, నవ్వుతూ ఏదో చెప్పి, పెట్టెమ్మని వరండాలోకి పిలిచి వేరే మాట చెప్పాడు. ఆమె మొహం కడుక్కుని లోపలికొచ్చింది.

"తగ్గిపోతుందన్నాడు నాతో" అన్నాడు ఈలన్న. "నీతో ఏమన్నాడు? నిజం చెప్పు."

ఆమె మంచం పక్కన స్టూలు జరుపుకుని, దీపం వెలుగు తన పెదాల మీద పడేలా కూచుంది. "ఈసారి ఇంటికి వెళ్ళడం ఉండదన్నారు" అంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చాచి ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. కళ్ళు తెరిచాక, "మీ తమ్ముణ్ణి రమ్మను" అన్నాడు. "వాడితో మాట్లాడలేదు నేను. వాడి మీద కోపం లేదని చెప్పాలి."

ఆ వారం తిరక్కుండానే ఈలన్న పోయాడు. కానీ కబురందిన మధ్యాహ్నమే తమ్ముడు ఒగరుస్తూ వార్డులోకి వచ్చి, మంచం కాళ్ళ దగ్గర బావా అని కూడా అనలేక నిలబడిపోతే, ఈలన్న వాణ్ణి ఎగాదిగా చూసి వార్డంతా వినపడేలా అన్నాడు.

"ఇదేంటే, చెవుడు నాకొస్తే మూగతనం వీడికొచ్చింది!"

తమ్ముడు ఏడుస్తూనే పక్కున నవ్వాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. పెట్టెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. నర్సు పరిగెత్తుకొచ్చి విసుక్కుంది. ఆవిడ ఏమంటోందో చెప్పమని ఈలన్న భార్య మొహంలోకి చూశాడు.

"ఇక్కడ జబ్బుమనుషులున్నారట, గొంతు తగ్గించమంటోంది" అని చెప్పింది పెట్టెమ్మ.